భూదవ్వ ఆవు పేరు జుగ్ను

రెండో జర్మనీ యుద్ధానికి మనుషులను తీసుకుంటున్న రోజుల్లో ఎల్లారెడ్డి నుంచి ఫౌజులో చేరబోయే పడుచువాళ్లు ముందుగా ఒక పరీక్ష గట్టెక్కాల్సి వచ్చేది. ఛాతీ కొలిచే డాక్టరు సంగతి తరువాత. అంతకంటే ముందు ఈరవ్వ ఇంటి అరుగు మీద కూర్చుని ఆమె అడిగినవాటికి జవాబు చెప్పాలి.

"నీ ఊరేదని అడిగితే ఏం చెప్తవురా?"

"పుట్టిన ఊరు చెప్త. ఇంకేం చెప్త అక్కా?"

"గదే తప్పు. పెండ్లాం ఏ ఊర్ల ఉన్నదో గది చెప్పు. రెండూళ్లూ రాయించు. ఆడ నీకు ఏం పనిచ్చిన్రో, నీ దోస్తు ఎవడో ఇంటికి ఖతు రాయించి పంపు. ఇంకొకటి. పొయ్యేముందు పెండ్లాంతోని నవ్వులాటకు గూడ ఏ మాటా దాచకు."

పిల్లలు నవ్వుకుంటూ తల ఊపేవాళ్లు. చివరి మాట ఎందుకంటున్నదో వాళ్లకు తెలియదు. తెలిసినవాళ్లు ఆ ఇంట్లో ఇద్దరే, ఒకరు ఈరవ్వ, రెండోవారు ఆమె తల్లి భూదవ్వ. కొట్టంలో ఎర్రావు ఒకటి ఉండేది గానీ అది నోరు విప్పే రకం కాదు.

ఈరవ్వను ఊళ్లో 'అడిగే ఈరవ్వ' అనేవాళ్లు. ఊరికే పెట్టిన పేరు కాదది. మాటలు వచ్చిన నాటి నుంచీ ఆమె అడిగినది ఒకటే. బయటినుంచి ఖాకీ బట్ట వేసుకున్న మనిషి ఎవరొచ్చినా సరే, అమీను గానివ్వండి, జవాను గానివ్వండి, అడవి నాకేదారు గానివ్వండి, ఎదురుగా పోయి నిలబడేది. "మా బాపును చూసినవా? పేరు పోచయ్య. లడాయికి పోయిండు." ఆరేళ్ల పిల్ల అడిగితే ముద్దుగానే ఉంటుంది. పదహారేళ్ల పిల్ల అడిగితే జనం మొహాలు చూసుకుంటారు. పెళ్లయి, ఇద్దరు పిల్లల తల్లయి, ఇరవై అయిదేళ్లు వచ్చాక కూడా అదే అడుగుతుంటే మొగుడు భూమయ్యకు తలకొట్టేసినట్టయ్యేది. పాపం, అతను మెత్తని మనిషి. "ఇగ ఇడిచిపెట్టవే" అని ఏడాదికి ఒకసారి అనేవాడు, ఏడాదికి సరిపడా తిట్లు తినేవాడు.

సంగతి మొదటినుంచీ చెప్పాలి. భూదవ్వ తండ్రికి ఎనిమిదెకరాల చెలక, రెండు జతల ఎద్దులు, ఒక్క బిడ్డ. కొడుకులు లేరు. అందుకని గాంధారి నుంచి, ముందూ వెనకా ఎవరూ లేని పోచయ్యను తెచ్చి బిడ్డనిచ్చి ఇల్లరికం పెట్టుకున్నాడు. అల్లుడు మంచివాడే. చిక్కల్లా ఒకటి. అతనికి నాగలి మీద కంటే నాగలి లాగే ఎద్దుల మీద ప్రేమ ఎక్కువ. ఎద్దు రొప్పుతున్నట్టు కనిపిస్తే సాలు సగంలో ఉండగానే కాడి దించి, పక్కన కూర్చుని దాని గంగడోలు నిమిరేవాడు. మామకు ఒళ్లు మండిపోయింది. ఒకనాడు నలుగురి ముందూ అనేశాడు. "ఎద్దులు తిన్నదానికి దున్నుతున్నయ్. నువ్వు తిని ఎద్దులకు గాలి ఇసురుతున్నవు."

పోచయ్య చేతిలో ముద్ద విస్తరిలో పెట్టి, గొంగడి భుజాన వేసుకుని, నడుచుకుంటూ పట్నం పోయాడు. అక్కడ నిజాం సర్కారువారి గుర్రపు రిసాలాలో సైసుగా చేరాడు. గుర్రానికి మాలీసు చేసి, దాణా పెట్టి, జీను బిగించి రౌతు చేతికి అందించేవాడు సైసు. పశువుల ప్రాణం కనిపెట్టే మనిషికి అంతకంటే ఏం కావాలి?

మొదటి యుద్ధం మొదలయ్యే ఏడు, ఎండాకాలంలో, పది రోజుల సెలవు మీద ఒక్కసారి ఇంటికొచ్చాడు. ఆ పది రోజుల్లోనే ఆవు ఈనింది. ఎర్రటి పెయ్యదూడ, నుదుట తెల్లటి చుక్క. దానికి పోచయ్య జుగ్ను అని పేరు పెట్టాడు. గంగి, లచ్చి, పోశి అనే పేర్లున్న కొట్టంలో ఈ తురకం పేరేమిటని అందరూ నవ్వారు. మిణుగురు పురుగుకు తురకంలో ఆ పేరట. సెలవయిపోగానే పోచయ్య వెళ్లిపోయాడు. రిసాలా మిసర్ దేశానికి, అంటే ఈజిప్టుకు, ఓడెక్కి పోయిందని చలికాలంలో పట్నం నుంచి వచ్చిన బట్టల బేరగాడు చెప్పాడు. మాఘంలో ఈరవ్వ పుట్టింది.

లడాయి అయిపోయింది. రిసాలా తిరిగొచ్చింది. పోచయ్య రాలేదు. చనిపోయాడన్న కబురూ రాలేదు. ఏడాది చూశారు, రెండేళ్లు చూశారు, ఆ తరువాత ఊరే తీర్పు చెప్పేసింది. మామ మీద కోపంతో పోయినవాడు లడాయికి పోవడమేమిటి, ఎక్కడో సంసారం పెట్టుకున్నాడని. ఆడుకునే చోట పిల్లలు ఈరవ్వను 'పారిపోయినోని బిడ్డ' అన్నారు. అన్న పిల్లవాడి పన్ను ఊడింది. ఊడగొట్టింది ఈరవ్వే.

పన్నయితే ఊడగొట్టింది గానీ మాట మనసులోంచి ఊడలేదు. నన్ను చూడకుండానే వద్దనుకున్నాడా, చూడాలని ఉండీ రాలేకపోయాడా? ఆమెకు కావలసింది అదొక్కటే.

ఏటా పెత్తరమాస వచ్చేది. బతుకమ్మ మొదలయ్యే ఆ అమావాస్య నాడు పోయిన పెద్దల పేరు మీద బియ్యం, కూరగాయలు, పప్పు చాటలో పెట్టి అయ్యగారికి ఇవ్వడం మన దగ్గర ఆనవాయితీ. భూదవ్వ తండ్రి పేరున ఒక చాట, తల్లి పేరున ఒక చాట ఇచ్చి చేతులు దులుపుకునేది.

"బాపు పేర ఇయ్యవా అవ్వా?" అని ఈరవ్వ అడిగేది.

"పానమున్న మనిషికి పెత్తరమాస బియ్యం ఇస్తరానే?"

"పానమున్నదని నీకెట్ల ఎరుక?"

భూదవ్వ కొట్టం దిక్కు చూసి, "జుగ్నూ, నీ మొకం మండ, గడ్డంత తొక్కుతున్నవ్" అని ఆవును తిట్టేది. మొదటి జుగ్ను పోయి చాలా ఏళ్లయింది. దాని తరువాత దాని పెయ్య, ఆ తరువాత దాని పెయ్య. ఇప్పుడున్నది నాలుగో జుగ్ను. ఎవరు మారినా పేరు మారలేదు, తిట్లూ మారలేదు. రోజూ పొద్దున్నే భూదవ్వ చెంబు పట్టుకుని కొట్టంలోకి పోయి, "జుగ్నూ, నీ పాడుగాను, ఇటు రాయే" అంటేనే ఆ ఇంట్లో తెల్లవారినట్టు లెక్క.

రెండో యుద్ధం మొదలైందనగానే ఈరవ్వకు పాత పుండు రేగింది. తాలూకా కచేరీ ముందు కూర్చునే మున్షీ చేత ఉర్దూలో దరఖాస్తు రాయించి పట్నంలోని ఫౌజు దఫ్తరుకు పంపింది. నాలుగు నెలలకు జవాబొచ్చింది. మున్షీ రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి, మెల్లగా చెప్పాడు. పోచయ్య, ఊరు ఎల్లారెడ్డి, అనే మనిషి ఆ రిసాలాలో లేడట.

ఊరికి ఇంకేం కావాలి? అదిగో, మేం చెప్పలేదా అన్నారు. ఈరవ్వ రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడోనాడు లేచి, కామారెడ్డికి తోలే బెల్లం బండి కట్టమని భూమయ్యతో చెప్పి, అక్కడ ఎవరినైనా అడగొచ్చని తానూ ఎక్కి కూర్చుంది.

కామారెడ్డి బజారులో బెల్లం దించే చోటికి పక్కనే, జట్కా గుర్రాలకూ ఎద్దులకూ లాడాలు కొట్టే ముసలాయన ఒకడుండేవాడు. పేరు మొయినుద్దీన్. ఒక కాలు చాచే కూర్చునేవాడు, అది మడత పడదు. బెదురు గుర్రమైనా ఆయన నాలుకతో చిన్న చప్పుడు చేస్తే కాలెత్తి ఒళ్లో పెట్టేది. ఈరవ్వ చూపు ఆయన పాత ఖాకీ కోటు మీద పడింది. ఇంకేం, పోయి నిలబడింది.

"తాతా, నువ్వు ఫౌజుల చేసినవా?"

"రిసాలాల దఫేదారును బేటీ. మిసర్ పోయిన, షామ్ దేశం పోయిన. కాలు ఆడనే ఇచ్చి వచ్చిన."

ఈరవ్వ ఇరవై ఏళ్లుగా అడుగుతున్న మాటే అడిగి, తమది ఎల్లారెడ్డి అనీ, బాపు సైసు అనీ చెప్పింది. మొయినుద్దీన్ సుత్తి పక్కన పెట్టి ఆలోచించాడు.

"పోచయ్యలు మస్తుమందిని చూసిన, ఎల్లారెడ్డి పోచయ్య మాత్రం యాదికి లేడు. సైసు అన్నవు గద? సైసులను పేరు పెట్టి ఎవడు పిలిచేటోడు? గుర్రం పేరు మీదనే పిలుపు. షేర్ వాలా, మోతీ వాలా, అట్ల. మనిషి పేరు నాకు ఇయ్యకు. ఏ గుర్రమో చెప్పు."

"గుర్రం పేరు నాకేం ఎరుక?"

"తెలుసుకొని రా. గుర్రాలన్నీ నాకు గుర్తే."

దారి పొడుగునా ఈరవ్వ గొణుగుతూనే వచ్చింది. బాపు మొహమే తెలియని మనిషికి బాపు గుర్రం పేరు ఎక్కడినుంచి తెలుస్తుంది? ఇల్లు చేరేసరికి భూదవ్వ పాలు పిండుతోంది. బండి దిగీ దిగకముందే ఈరవ్వ అడిగింది.

"అవ్వా, బాపు సెలవుకు వచ్చినప్పుడు ఆయన గుర్రం ముచ్చటేమన్న చెప్పిండా?"

"గుర్రాల ముచ్చట నాకేం చెప్తడు? ఆయన మనసు గుర్రాల మీద ఉన్నదా?" అని భూదవ్వ నోరు మూసుకుంది.

"మరి దేని మీద ఉన్నది?"

చెంబులో పాలధార ఆగింది. భూదవ్వ ఆవు పొట్టకు తల ఆనించింది. ఆ తరువాత, ఇరవై ఆరేళ్లు కడుపులో దాచుకున్నది బయటపెట్టింది.

"ఎందుకు బిడ్డా తిరుగుతవు? నీ బాపు సావలేదు. పట్నంల దానితోని ఉన్నడు."

"ఎవలితోని?"

"జుగ్నుతోని."

తిట్టే గొంతుతో తన పేరు వినగానే ఆవు తల తిప్పి చూసింది.

ఆ పది రోజుల్లో ఒక మధ్యాహ్నం పోచయ్య యాప చెట్టు కింద మంచం వేసుకుని పడుకున్నాడట. చల్ల ఇద్దామని భూదవ్వ దగ్గరికి పోయింది. నిద్రలో అతని చేయి గాలిలో ఏదో నిమురుతోంది. "జుగ్నూ, నా బంగారం, దగ్గరికి రా" అంటున్నాడు. మరునాడు దూడకు అదే పేరు పెట్టాడు. జుగ్ను ఎవరని భూదవ్వ అడిగితే కొంటెగా నవ్వి, "పట్నంల ఉంటది. నా చెయ్యి లేంది దానికి ముద్ద దిగది" అన్నాడు. భూదవ్వ ఇల్లరికపు ఇంటి ఒక్కగానొక్క బిడ్డ. రెండోమాట అడగడానికి ఆమె పౌరుషం ఒప్పుకోలేదు. తండ్రి అన్న మాటకు తాను మొగుడి పక్కన నిలబడలేదనీ, అందుకే అతను ఇంకొకతెను చూసుకున్నాడనీ తనను తానే తప్పు పట్టుకుంది.

"మరి ఆ పేరే ఆవుకు ఎందుకు ఉంచినవ్?" అని ఈరవ్వ అడిగింది.

"ఆయన పెట్టిన పేరు, తీసెయ్య మనసొప్పలె. ఇంకొకటి, పేరు తీసేస్తే దాన్ని తిట్టుడెట్ల? రోజు పొద్దుగాల తిట్టుకుంటెనే నా కడుపుమంట సల్లారేది."

ఆ వారమంతా ఈరవ్వ ఖాకీ బట్ట కనిపించినా ఎదురుపోలేదు. పన్ను ఊడగొట్టించుకున్న పిల్లవాడు అన్నమాటే నిజమైంది కదా. మళ్లీ బెల్లం బండి పోయేటప్పుడు తానూ వస్తానంది. ముసలాయన ఎదురుచూస్తుంటాడు, ఇక వెతకనక్కర్లేదని చెప్పి రావాలి, అంతే.

మొయినుద్దీన్ ఒళ్లో జట్కా గుర్రం కాలుంది. ఈరవ్వ నిలబడే చెప్పింది. "తాతా, ఇగ తిప్పలు పడకు. మా బాపు పట్నంలనే ఉన్నడట. జుగ్ను అని ఒక ఆమెతోని సంసారం పెట్టిండట."

ముసలాయన గుర్రం కాలు మెల్లగా కిందికి దించాడు. పెదవులు నవ్వబోయాయి, కళ్లలో నీళ్లు ముందొచ్చాయి.

"కూసో బేటీ," అన్నాడు. "జుగ్ను నల్లటిది. నుదుట్ల తెల్లటి చుక్క. నా గుర్రం అది. నేను నాలుగేండ్లు ఎక్కి తిరిగిన. జుగ్ను వాలా నీ బాపే అయితే, నీకు నేను ఒక కబురు బాకీ ఉన్న."

ఈరవ్వ లాడాల మధ్య, మట్టిలో, అక్కడే కూలబడింది.

ఆయన చెప్పాడు. షామ్ దేశంలో, అదే సిరియాలో, లడాయి ముగిసే రోజుల్లో జ్వరాలొచ్చాయి. తుపాకికి పోయినవాళ్ల కంటే జ్వరానికి పోయినవాళ్లే ఎక్కువ. పోచయ్యకూ వచ్చింది. దవాఖాన బండి వస్తే ఎక్కలేదు. "నా చెయ్యి లేంది దానికి ముద్ద దిగది సాబ్" అని జుగ్ను దగ్గరే ఉండిపోయాడు. మూడోనాడు పొద్దున దాణా తొట్టికి తల ఆనించి ఉన్నాడు, ప్రాణం లేదు. నలుగురు జవాన్లు కట్టెలు ఏరి దహనం చేశారు.

"జుగ్ను నాలుగు దినాలు గడ్డి ముట్టలె. ఐదో దినం నేను నీ బాపు గొంగడి కప్పుకొని పోయిన. అప్పుడు తిన్నది. ఊరు గాంధారి అని రాయించిండు నీ బాపు. నేనే గాంధారికి ఖతు రాయించిన. ఎవరూ జవాబియ్యలె."

గాంధారిలో జవాబివ్వడానికి ఎవరున్నారు గనక? ఊరేదని అడిగితే ఏ ఇల్లరికపు అల్లుడు మామ ఊరి పేరు చెబుతాడు? ఈరవ్వ దరఖాస్తుకు పట్నం వాళ్లు ఇచ్చిన జవాబులో అబద్ధం లేదు. ఎల్లారెడ్డి పోచయ్య ఆ రిసాలాలో నిజంగానే లేడు.

"ఇంటి ముచ్చట చెప్పేటోడా?" అని ఈరవ్వ అడిగింది.

"రోజు చెప్పేటోడు. పొద్దుగాల మాలీసు చేసుకుంట అనేటోడు. 'సాబ్, ఇంట్ల లేగకు దీని పేరే పెట్టి వచ్చిన. నేను ఈడ జుగ్ను అని పిలుస్త. ఆడ భూదవ్వ పాలు పిండుకుంట జుగ్ను అని పిలుస్తది. పొద్దున లేచి ఇద్దరం ఒక్కటే పేరు పిలుస్తున్నం. ఇగ దూరమేడిది?' అనేటోడు. ఇంటికాడ బిడ్డో కొడుకో పుట్టి ఉంటరని యేండ్లు లెక్కవెట్టేటోడు. ఇప్పుడు నడుస్తుండొచ్చు సాబ్, ఇప్పుడు మాట్లాడుతుండొచ్చు అని."

ఈరవ్వ బజారు మధ్యలో కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. భూమయ్య వచ్చి ఏమైందని అడిగితే, "మా బాపు పారిపోలేదయ్యా" అంది. అతనికి ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది.

ఇంటికి వచ్చేసరికి భూదవ్వ చింతపండు గింజలు తీస్తోంది. ఈరవ్వ ఎదురుగా కూర్చుని, తానూ ఒక కాయ తీసుకుని, మెల్లగా మొదలుపెట్టింది. జుగ్ను అంటే గుర్రం అనేసరికి భూదవ్వ చేతిలో కాయ జారింది.

"గుర్రమా?"

"గుర్రమే అవ్వా."

"నాలుగు కాళ్ల గుర్రమా?"

"నుదుట్ల సుక్కున్న నల్లగుర్రం."

భూదవ్వ నవ్వింది. పగలబడి నవ్వింది. ఇరవై ఆరేళ్లు ఒక గుర్రంతో పగ పట్టాను గదనే అంటూ, పక్కలు పట్టుకుని నవ్వింది. నవ్వు సగంలో ఆగింది. మొహం మారింది.

"అయితే ఆయన లేడన్నట్టు."

ఈరవ్వ తల ఊపింది. ఇన్నేళ్లూ ఆ తల్లికి మొగుడు తనవాడు కాదు గానీ బతికున్నాడు. ఇప్పుడు తనవాడయ్యాడు, బతికి లేడు. రెండూ ఒక్క పూటే తెలిశాయి. ఈరవ్వ మిగిలినదంతా చెప్పింది, పొద్దున్నే ఇద్దరూ ఒకటే పేరు పిలిచే మాట దాకా. ఆ మాట దగ్గర భూదవ్వ రెండు చేతులతో మొహం కప్పుకుంది.

"ఆయన గట్ల పిలిచిండు. నేను గిట్ల పిలిచిన," అంది, అంతే.

ఎవరూ చెప్పకముందే కాలి మెట్టెలు తానే తీసి బిడ్డ చేతిలో పెట్టింది. గాజులు పగలగొట్టే తంతు చేయాలని చుట్టపామె ఒకతె వస్తే ఈరవ్వ గుమ్మంలోనే మాట్లాడి పంపించేసింది. ఏం మాట్లాడిందో గానీ ఆమె మళ్లీ ఆ దిక్కు రాలేదు.

ఆ ఏటి పెత్తరమాస నాడు భూదవ్వ మూడు చాటలు పెట్టింది. తండ్రికి, తల్లికి, పోచయ్యకు. మూడో చాటలో బియ్యం, తోటకూర, బీరకాయ, పప్పు, బెల్లం ముక్క. దాని పక్కన చిన్న గిన్నెలో దోసెడు నానబెట్టిన శనగలు. అయ్యగారు ఇవెవరి పేరున అమ్మా అని అడిగాడు.

"జుగ్ను పేర," అంది భూదవ్వ.

ఆయనకు ఏమీ అర్థం కాలేదు. ఈరవ్వ కళ్లతోనే తీసుకొమ్మంది. తీసుకున్నాడు.

మరునాడు తెల్లవారగానే భూదవ్వ చెంబు పట్టుకుని కొట్టంలోకి పోయింది. ఈరవ్వ వాకిలి ఊడుస్తూ చెవి అటే వేసింది. తల్లి గొంతు ఎప్పుడూ వినని మెత్తదనంతో వినిపించింది.

"జుగ్నూ, నా బంగారం, దగ్గరికి రా."

ఆవు కదల్లేదు. పుట్టిన నాటి నుంచీ తిట్లకే అలవాటు పడిన జీవి, ఎవరినో పిలుస్తున్నారనుకుని నెమరు వేస్తూ నిలబడింది. భూదవ్వ మళ్లీ పిలిచింది. అది చెవి కూడా ఊపలేదు. మూడోసారి కూడా పిలిచింది. ఈరవ్వ చీపురు పట్టుకుని ఉన్నచోటనే నిలబడిపోయింది.

భూదవ్వ ముక్కు చీది, కొంగుతో మొహం తుడుచుకుని, గొంతు పెంచి అంది.

"జుగ్నూ, నీ పాడుగాను, ఇటు రాయే."

ఆవు గబగబా వచ్చి ఆమె భుజానికి మూతి రాసింది.